సిటిజన్‌షిప్ క్లాస్: శనివారం రాజ్యాంగం రివ్యూకి ఎవరెవరు ఏం చూసుకుంటున్నారు?

క్లాసు సమన్వయం చూసే అక్క:
అందరికీ నమస్కారం. ఈ శనివారం అమెరికా పౌరసత్వ పరీక్షకి చదువుతున్న మన డాలస్ బ్యాచ్‌కి ప్రభుత్వం, రాజ్యాంగం భాగమంతా ఒకసారి తిరగేయిద్దాం. లైబ్రరీలో గది పొద్దున 10 నుంచి 12:30 వరకు మనదే.

సైన్-ఇన్ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళు దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. ఎన్-400 (పౌరసత్వం దరఖాస్తు) ఎప్పుడు వేశారో ప్రతి ఒక్కరినీ అడగాలి. 2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ వేసినవాళ్ళకి కొత్త పరీక్ష. 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 రావాలి. అంతకుముందు వేసినవాళ్ళకి పాతదే: 100లోంచి 10, ఆరు వస్తే పాస్. 65 నిండి, గ్రీన్ కార్డ్ వచ్చి 20 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళకి విడిగా 20 ప్రశ్నల పట్టీ ఉంది. మూడు రకాల ప్రింట్‌అవుట్లూ మూడు రంగుల కాగితాల మీద తీయిస్తున్నాను. ఒకరి కాగితం ఇంకొకరికి వెళ్ళిందంటే వాళ్ళు నెలల తరబడి వేరే పట్టీ చదువుకుంటారు.

పాఠం మాష్టారు గారు చెప్తానన్నారు. ఎలా చేద్దామనుకుంటున్నారో చెప్పండి మాష్టారూ.

మాష్టారు (గుంటూరులో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు):
అమ్మా, ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అని బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ నోటితో అడుగుతారు, నాలుగు జవాబులిచ్చి టిక్కు పెట్టమనరు. అడిగే తీరు కొంచెం మారితే బట్టీ పట్టినవాళ్ళు తడబడతారు. మనవాళ్ళకి ఇండియా రాజ్యాంగం ఎంతో కొంత తెలుసు కదా, దాని పక్కన పెట్టి చెప్తాను.

చట్టాలు ఎవరు చేస్తారు అంటే చాలామంది ‘ప్రెసిడెంట్’ అనేస్తారు. మనకి అలవాటైన పద్ధతిలో ప్రధాని పార్లమెంటులోనే కూర్చుంటారు, మంత్రులూ సభ్యులే. అందుకే ఆ పొరపాటు. ఇక్కడ చట్టాలు చేసేది కాంగ్రెస్, అంటే హౌస్, సెనేట్ అనే రెండు సభలు. ప్రెసిడెంట్ అందులో సభ్యుడు కాదు. సెనేటర్ ఎవరైనా కేబినెట్‌లోకి వెళ్ళాలంటే ఆ సీటు వదులుకోవాల్సిందే. అవిశ్వాస తీర్మానం పెట్టి ప్రభుత్వాన్ని దించే ఏర్పాటూ లేదు. ప్రెసిడెంట్‌ని తొలగించే ఇంపీచ్‌మెంట్ అయితే హౌస్ అభియోగం మోపాలి, సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓటు పడాలి. ఈ విడదీత అర్థమైతే కాంగ్రెస్, ప్రెసిడెంట్, కోర్టులు అనే మూడు శాఖల ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

రెండోది సెనేట్. రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7, ఉత్తరప్రదేశ్‌కి 31. జనాభాని బట్టి లెక్క. ఇక్కడ జనం బాగా ఎక్కువున్న కాలిఫోర్నియాకీ ఇద్దరే, బాగా తక్కువున్న వయోమింగ్‌కీ ఇద్దరే. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు చిన్న రాష్ట్రాలూ పెద్ద రాష్ట్రాలూ తగువుపడి కుదుర్చుకున్న రాజీ అది: హౌస్‌లో జనాభా లెక్క, సెనేట్‌లో అందరూ సమానం. ఈ కథ చెప్తే సెనేట్‌లో 100 మంది, హౌస్‌లో 435 మంది అనే అంకెలు తేలిగ్గా గుర్తుంటాయి. 1913లో 17వ సవరణ వచ్చేదాకా సెనేటర్లని రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి, మన రాజ్యసభ సభ్యులని ఇప్పటికీ ఎమ్మెల్యేలు ఎన్నుకున్నట్టే.

సవరణలు 27 మాత్రమే ఎందుకని తప్పకుండా అడుగుతారు, మన దగ్గర వంద దాటాయి కాబట్టి. మామూలుగా ఇక్కడ రెండు సభల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకున్నాక, 50లో 38 రాష్ట్రాలు కూడా ఒప్పుకోవాలి. ఆ 27 సవరణల్లో మొదటి పది 1791లో ఒకేసారి వచ్చినవి, వాటినే బిల్ ఆఫ్ రైట్స్ (హక్కుల పట్టీ) అంటారు. మొదటి సవరణ మీద పావుగంట కావాలి నాకు. మాట, మతం, పత్రికలు, గుమిగూడడం, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడం, ఈ ఐదు స్వేచ్ఛలూ ప్రతి ఒక్కరి చేతా సొంత మాటల్లో చెప్పిస్తాను. పరీక్ష అయిపోయాక కూడా వాళ్ళకి పనికొచ్చేవి ఇవే.

ఇంటర్‌ప్రెటర్ల సంగతి చూసే వాలంటీర్:
మాష్టారూ, మా అత్తయ్య గారిలా 50 నిండి 20 ఏళ్ళు, లేదా 55 నిండి 15 ఏళ్ళు గ్రీన్ కార్డ్‌తో ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు పరీక్ష ఉండదు, సివిక్స్ (ప్రభుత్వం, చరిత్ర ప్రశ్నలు) తెలుగులోనే చెప్పొచ్చు. కానీ ఇంటర్‌ప్రెటర్‌ని వాళ్ళే తీసుకెళ్ళాలి. ఆ వెళ్ళేవాళ్ళని కూడా శనివారం రమ్మందాం అక్కా. పోయినసారి ప్రాక్టీసులో పెద్దావిడ ఆలోచిస్తుంటే పక్కనున్న కొడుకు జవాబు అందించేశాడు. ప్రేమతోనే చేశాడు, కానీ ఇంటర్వ్యూలో అలా కుదరదు. అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు, అంతే. వెనక వరసలో నాలుగు కుర్చీలు నాకు వదలండి, వాళ్ళతో నేను కూర్చుంటాను.

హైస్కూల్ వాలంటీర్:
నేను, మా ఫ్రెండ్ ఆఫీసర్లలా కూర్చుని ప్రశ్నలు అడుగుతాం ఆంటీ. ‘మీ రిప్రజెంటేటివ్ (హౌస్‌లో మీ ప్రాంత సభ్యులు) ఎవరు’ అనేదానికి అందరికీ ఒకటే జవాబు రాయకండి, ఇంటి అడ్రస్‌ని బట్టి మారతారు. హౌస్ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొట్టి ఎవరిది వాళ్ళకి రాసిస్తాం. దానికి రెండు ల్యాప్‌టాప్‌లు కావాలి. మాష్టారు అంకుల్, భగత్ సింగ్ థిండ్ కేసు కూడా చెప్తారా? మా క్లాసులో నేను చెప్తే చాలామందికి తెలియదు.

మాష్టారు:
చెప్తాను బాబూ, మంచి మాట గుర్తు చేశావు. పంజాబ్ నుంచి వచ్చిన థిండ్ పౌరసత్వం కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు ఇక్కడ పౌరులు కావడానికి అర్హులు కారంది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకే మనకి ఆ దారి తెరుచుకుంది. పంజాబ్ నుంచే వచ్చిన దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో హౌస్‌కే ఎన్నికయ్యారు. కోర్టు కాదన్నదాన్ని కాంగ్రెస్ చట్టంతో మార్చింది, ప్రెసిడెంట్ ట్రూమన్ సంతకం పెట్టారు. మూడు శాఖలూ ఒక్క కథలో కనిపిస్తాయి. పాఠం దీనితోనే మొదలుపెడతాను.

సమన్వయం అక్క:
సరే, ఖాయం. 10కి థిండ్ కథ, తర్వాత మూడు శాఖలు, సెనేట్, సవరణలు. 11:30 నుంచి ఒక్కొక్కరికీ ప్రాక్టీసు ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో ఏదైనా భాగం పోతే 60 నుంచి 90 రోజుల్లోపు ఆ భాగానికే మళ్ళీ ఒక అవకాశం ఇస్తారని కూడా చెప్పండి, పెద్దవాళ్ళు ఆ భయంతో నిద్ర పోవడం లేదు. ఇడ్లీ, చట్నీ మా ఇంటి నుంచి. రెండో ల్యాప్‌టాప్, ఒక టీ ఫ్లాస్కు ఇంకా కావాలి. ఎవరు తెస్తారో గురువారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి.