కాపర్ కాంప్లెక్స్ పనిచేస్తోంది సరే, పనిచేసేది కాంప్లెక్సేనా?

మద్దిలపాలెం ఎమ్మెస్సీ:
అందరికీ నమస్కారం. విశాఖలో ఇనార్గానిక్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. సాలిసిలాల్డిహైడ్, ఇథిలీన్‌డైఅమీన్‌లతో సాలెన్ అనే లిగాండ్ (లోహానికి అతుక్కునే అణువు) చేశాను. ఇథనాల్‌లో కలపగానే పసుపు రేకులు దిగాయి, చాలా సంతోషమేసింది. కాపర్ అసిటేట్‌తో కలిపితే కాంప్లెక్సూ (రాగికి లిగాండ్ అతుక్కున్న పదార్థం) వచ్చింది. అగార్ వెల్ పద్ధతిలో (బాక్టీరియా పెంచే జెల్లీ ప్లేట్‌లో చిన్న గుంట చేసి మందు పోసి) ఈ.కోలై, స్టెఫైలోకాకస్ మీద పెడితే లిగాండ్ చుట్టూ జోన్ (బాక్టీరియా పెరగని వలయం) చిన్నది, కాంప్లెక్స్ చుట్టూ బాగా పెద్దది. మా సీనియర్లంతా ఇలాంటిచోట 'కీలేషన్ (లిగాండ్ లోహాన్ని ఒకటికంటే ఎక్కువ చోట్ల పట్టుకోవడం) వల్ల యాక్టివిటీ పెరిగింది' అని రాస్తారు. నేనూ రాయొచ్చా? ఇంకో టెన్షన్: కాంప్లెక్స్ ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్‌లో 3400 సెం.మీ⁻¹ దగ్గర వెడల్పాటి బ్యాండ్ ఉంది. రాగి కట్టుబడితే పోవాల్సిన ఫినాలిక్ ఓహెచ్ ఇంకా పోలేదనా అర్థం?

గాజువాక లెక్చరర్:
ముందు ఐఆర్ సంగతి తేల్చేద్దాం, అది తేలికే. సాలెన్‌లో ఓహెచ్ పక్కనున్న నైట్రోజన్‌తో హైడ్రోజన్ బంధంలో ఉంటుంది. అందుకే దాని బ్యాండ్ 3000 కంటే కిందకి జారి చప్పగా పరుచుకుంటుంది. మీరు 3400 దగ్గర చూస్తున్నది చాలావరకు నీరే. మన ఊరి గాలికి ఐఆర్ పెల్లెట్‌కు వాడే కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పౌడర్ నిమిషాల్లో తేమ లాగేస్తుంది. పౌడర్‌ను ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లోంచి తీసిన వెంటనే పెల్లెట్ నొక్కండి. అప్పటికీ పోకపోతే టీజీఏ (వేడిచేస్తూ బరువు తగ్గడం కొలిచే పరీక్ష) చూడకుండా 'కోఆర్డినేటెడ్ వాటర్' (లోహానికి కట్టుబడిన నీరు) అని మాత్రం రాయకండి. మీరు గట్టిగా చూడాల్సింది 1635 దగ్గరి అజోమిథీన్ (C=N) బ్యాండ్. అది కొంచెం కిందకి జరిగితే నైట్రోజన్ లోహానికి కట్టుబడినట్టే.

ఇక అసలు ప్రశ్న. మీ ప్లేట్‌లో కాపర్ అసిటేట్ ఒక్కదానికే వెల్ పెట్టారా? కరిగించడానికి వాడే ద్రావణి డీఎంఎస్‌ఓ ఒక్కదానికి? మీ పోస్టులో ఆ మాట లేదు, అందుకే అడుగుతున్నాను. రాగి చెంబులో నీళ్లు పోసుకునే వాళ్లం మనం, రాగి అయాన్‌కే బాక్టీరియాను చంపే గుణం ఉందని తెలుసు. ఆ ఉప్పు (కాపర్ అసిటేట్) జోన్ కూడా అంతే వస్తే ఆ ఘనత లిగాండ్‌ది ఎలా అవుతుంది?

కీలేషన్ వివరణ ట్వీడీ అనే పరిశోధకుడి పేరుతో నడుస్తోంది. లోహం మీది ధనావేశం లిగాండ్‌లోని దాత పరమాణువులతో కొంత పంచుకోబడి, ధ్రువత తగ్గి, కణపొరలోని కొవ్వును సులువుగా దాటుతుందన్నది దాని సారం. ఆలోచన మంచిదే. కానీ జోన్ కొలిచినంత మాత్రాన కణపొర దాటడాన్ని మనం కొలిచినట్టు కాదు. పైగా సాలెన్ లాంటి షిఫ్ బేస్ (ఆల్డిహైడ్, అమీన్ కలిసి ఏర్పడేది) నీళ్లలో విడిపోయి మళ్లీ ఆల్డిహైడ్, అమీన్ కావచ్చు. ఒక రాత్రి 37 డిగ్రీల దగ్గర ఉన్నాక ప్లేట్‌లో కాంప్లెక్స్ మిగిలే ఉందా? బఫర్‌లో కొద్దిగా డీఎంఎస్‌ఓతో కరిగించి, కాంప్లెక్స్ కాంతిని పీల్చే 360 నానోమీటర్ల దగ్గరి బ్యాండ్‌ను అప్పుడే ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. ఈ ఒక్క గ్రాఫ్ ఉంటే మీ ప్రాజెక్టు రిపోర్టుకు విలువ వస్తుంది. పిల్లలు ఇంత కష్టపడి చేసిన పనికి అరువు పేరా అంటించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఫార్మాసిటీ మైక్రో:
మేడమ్ చెప్పినదానికి తోడు ఒక మాట. జోన్ సైజు అగార్‌లో మందు ఎంత దూరం పాకిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. నీళ్లలో సరిగా కరగని కాంప్లెక్స్ వెల్ అంచునే పేరుకుపోతుంది. వీలైతే బ్రాత్‌లో (ద్రవ మాధ్యమంలో) ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనిష్ఠ మోతాదు) చేయండి, పోలికకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పెట్టండి.

మద్దిలపాలెం ఎమ్మెస్సీ:
థాంక్యూ మేడమ్, థాంక్యూ సర్. డీఎంఎస్‌ఓ వెల్ పెట్టాను, జోన్ రాలేదు. కాపర్ అసిటేట్ పెట్టలేదు, రేపే పెడతాను. రెండూ సమానంగా ఒక్కో మిల్లీగ్రామ్ తూస్తే చాలా?

గాజువాక లెక్చరర్:
చాలదమ్మా, మోల్స్ సమానంగా ఉండాలి. కాంప్లెక్స్ అణుభారం దాదాపు 330, కాపర్ అసిటేట్ మోనోహైడ్రేట్‌ది 200. బరువు సమానంగా తీసుకుంటే ఉప్పులో రాగి ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది, పోలిక చెడుతుంది. ఒక మిల్లీమోలార్ ద్రావణానికి మిల్లీలీటర్‌కు కాంప్లెక్స్ 0.33 మిల్లీగ్రాములు, ఉప్పు 0.20. లిగాండ్ కూడా అదే మోలారిటీలో, అన్నీ ఒకే ప్లేట్‌లో పెట్టండి. ఉప్పు జోన్ చిన్నగా వస్తే అప్పుడు కీలేషన్ గురించి ధైర్యంగా చర్చించండి. సమానంగా వస్తే ఆ మాటే రాయండి, వైవాలో నిలబడుతుంది.