ట్యాంకు మీద గరుకు: లెక్క ప్రకారమా, కంటికి ఆనేలాగా?

అలిపిరి35:
పోయిన వారం నా 1/35 కొలత అబ్రామ్స్ (అమెరికా ట్యాంకు) మోడల్ ఫోటోలు పెడితే, "టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) మీద ఉప్పుకాగితం అంటించినట్టుంది, కొలతకు తగ్గిస్తే ఆ గరుకు కనపడనే కూడదు" అని ఒకరన్నారు. నేను ఒప్పుకోను. వానలో, బురదలో సిబ్బంది కాళ్ళు జారకుండా అసలు బండి పైభాగానికి పలుకుల పూత వేస్తారు. దాన్ని నున్నగా వదిలేస్తే ట్యాంకు కాస్తా ఆటబొమ్మ అయిపోతుంది.

పలమనేరు మోడలర్:
ఆ మాటన్నది నేనే, అన్నా. లెక్క చూడు. అసలు పలుకు 1 మిల్లీమీటరు అనుకున్నా, 35తో భాగిస్తే 0.03 కూడా రాదు. నువ్వు చల్లింది స్వర్ణముఖి ఇసుక. అర మిల్లీమీటరు రేణువంటే అసలు బండి మీద 17.5 మిల్లీమీటర్లు. చింతగింజలు పరిచినట్టు! దానిమీద ఎవరన్నా మోకాలు ఆనించగలరా?

అలిపిరి35:
ఇసుక విషయంలో నువ్వన్నదే నిజం తమ్ముడూ, గీకేస్తా. కానీ 0.03 అంటే మ్యాట్ రంగు వేసినట్టే ఉంటుంది, చేసినా చేయనట్టే. అసలు బండి మీద ఎండ పడితే పూత ఉన్న చోట మెరుపు చచ్చి, దుమ్ము పట్టి, పక్క లోహం కంటే వేరుగా తెలుస్తుంది. ఆ తేడా రావాలంటే కొంచెం పెంచక తప్పదు. మోడల్ కిట్లు చేసే మెంగ్ కంపెనీ వాళ్ళు మెర్కావా ట్యాంకు కిట్‌లో ప్లాస్టిక్ మీదే గరుకు పోసి ఇస్తున్నది అందుకే కదా.

చిత్తూరు వర్క్‌బెంచ్:
ఇసుకా వద్దు, వంటసోడా వద్దు. కార్లకు రంగులేసే షాపుల్లో దొరికే ఎన్‌సీ పుట్టీని థిన్నర్‌తో గట్టి మజ్జిగలా కలపండి. కుచ్చు పొట్టిగా కత్తిరించిన పాత బ్రష్షును నిటారుగా పట్టి పొడవాలి, పూయకూడదు. ముందే గ్రిల్స్, పెరిస్కోపు అద్దాలు, కొక్కేలు, హ్యాచ్ (సిబ్బంది దిగే మూత) అంచులు టేపుతో మూసేయండి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యం ఆ టేపే. పక్కన నున్నటి అంచు ఉంటేనే గరుకు గరుకులా తెలుస్తుంది, పలుకు పెంచాల్సిన పని సగం తగ్గుతుంది. తడి ఎక్కువైతే థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, నా మొదటి ఎం1 (అబ్రామ్స్) గ్రిల్ అట్లనే కరిగిపోయింది. ఆరినాక 600 నంబరు వాటర్ పేపర్‌తో ఒక్కసారి మెల్లగా రుద్దితే ముళ్ళు అణుగుతాయి.

పలమనేరు మోడలర్:
టేపు మాట బాగుంది సార్. నేను మాత్రం మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమర్ ఒక్క పొరతోనే ఆపుతా. అడుగు దూరం నుంచి పలుకులు విడివిడిగా లెక్కపెట్టగలిగితే అది ఎక్కువైనట్టే, ఆ మాట మీదనే ఉన్నా.

అలిపిరి35:
సరే, ఒకే ప్లాస్టిక్ ముక్క మీద మీ ఇద్దరి పద్ధతులూ చేసి, ఒకే రంగు వేసి, ఆదివారం మేడ మీద ఎండలో ఫోటో తీస్తా. ఏది ఏదో చెప్పకుండా పెడతా, చూసి చెప్పండి.