పెద్ద సంఘాల కమిటీలు లీగల్ విషయాలు ముందే చూసుకోవాలా, నోటీసు వచ్చాకనా?

ఒంగోలు ట్రెజరర్:

అందరికీ వందనాలు. మాది ఒంగోలు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మా సంఘానికి ట్రెజరర్‌ని. రేకుల షెడ్డులో మొదలైన సంఘం. ఇప్పుడు ఆదివారం మూడు ఆరాధనలు, ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు, సింగరాయకొండ వైపు ఆడపిల్లల హాస్టలు, విదేశీ విరాళాల ఖాతా, టీవీలో వారం వారం ప్రసంగం. కమిటీ మాత్రం ఇంకా రేకుల షెడ్డు నాటిదే. నెలకొకసారి కూర్చుంటాం, కానుకల లెక్క చదువుతాం, కన్వెన్షన్ పందిరి ఎవరికివ్వాలో గంటసేపు వాదించుకుంటాం, టీ తాగి లేస్తాం.

హాస్టలు పక్క పొలం ఆయన కంచె మా వైపు జరిపాడని విని, ఆస్తి ఎవరి పేరున ఉందో, ఏ లావాదేవీలు జరిగాయో చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాను. హద్దు సంగతి అటుంచండి, అసలు స్థలమే సంఘం పేరున లేదు. పాస్టర్ గారి సొంత పేరున ఉంది. కొన్నప్పటికి సొసైటీ రిజిస్టర్ కాలేదు, అందుకని అలా రాయించారు. ఆయన మీద నాకు వీసమెత్తు అనుమానం లేదు. ఈ రోజుకీ స్కూటర్ మీదే తిరుగుతారు.

మొన్నటి మీటింగులో ఒక మాట అన్నాను. ప్రతిసారీ లీగల్ అని ఒక అంశం పెట్టుకుందాం, ఏడాదికింత అని ఒక లాయరు గారితో మాట్లాడుకుందాం అని. సెక్రటరీ వెంటనే "అయ్యగారి మీద నమ్మకం లేదా అన్నా?" అన్నాడు. ఇంకో పెద్దాయన బైబిల్లో కొరింథీ పత్రిక తీశారు, విశ్వాసులు కోర్టుకెక్కకూడదని. నేను ఎక్కమనలేదండీ, ఎక్కే అవసరం రాకుండా చూద్దామన్నాను. పాస్టర్ గారు ఏమీ మాట్లాడలేదు. "ఏదన్నా వస్తే అప్పుడు చూద్దాం" అని ముగించారు.

ఏదీ రాకముందే కమిటీ ఏమేం అడిగి చూడాలి? అడిగినవాడు దొంగలా కనబడకుండా ఎలా అడగాలి?

కనిగిరి పెద్ద:

అన్నా, వందనాలు. మీ సెక్రటరీ మాట్లాడిన తీరు బాగాలేదు కానీ భయంలో కొంత నిజముంది. మా దగ్గర కమిటీలోకి ఒక లాయరు గారిని తీసుకున్నారు. ఆర్నెల్లకల్లా ప్రతిదానికీ "లీగల్‌గా కుదరదు" అనేవారు, తనకు కావలసినదానికి మాత్రం కుదిరేది. చివరికి సంఘంలో రెండు పార్టీలు. చట్టం తెలిసినవాడి పెత్తనం కూడా పెత్తనమే. చూసుకోండి.

నెల్లూరు అడ్వకేటు:

సార్, వందనాలు. నెల్లూరులో ప్రాక్టీసు. సంఘాల తగాదాలే నా ఫైళ్ళలో సగం, కాబట్టి నా మాట కొంచెం కటువుగా ఉంటే క్షమించాలి.

మీరు చెప్పినవాటిలో ముందు తేల్చాల్సింది పాస్టర్ గారి పేరున ఉన్న ఆ స్థలం డాక్యుమెంటు. పాస్టర్ గారు వీలునామా లేకుండా పోతే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగతాది పిల్లలకు వెళ్తుంది. అది కానుకల డబ్బుతో కొన్నామని అప్పుడు మీరు రుజువు చేసుకోవాలి. పాస్టర్ గారు మంచివారే, ఒప్పుకుంటాను. రేపటి అల్లుళ్ళు మంచివాళ్ళని హామీ ఇవ్వగలరా? ఆయన ఉండగానే, ఆయన చేతుల మీదుగానే సంఘం పేరుకు రిజిస్టర్ చేయించండి. స్టాంపు డ్యూటీ బరువే. ఎంతవుతుందో కనుక్కుని కమిటీ ముందు పెట్టండి.

సంఘం ఆస్తి పెద్దాయన చేతికి వదిలేసే ఈ అలవాటు మన జిల్లాల్లో పాతదండీ. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన చరిత్ర మనది. సంఘం అంత వేగంగా పెరిగినచోట బడి, ఆసుపత్రి, స్థలాలు అన్నీ మిషన్ పేరున, మిషనరీ దొరగారి సంతకంతో నడిచాయి. దొరలు వెళ్ళిపోయారు. పెద్దాయన సంతకం చాలు అనే నమ్మకం ఇక్కడే ఉండిపోయింది.

దేవాదాయ చట్టం కిందకొచ్చే భూములు, వక్ఫ్ భూములు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి. ఎవరైనా అమ్మబోతే సబ్ రిజిస్ట్రార్ దగ్గరే ఆగుతాయి. చర్చి భూములు వాటంతట అవి ఆ జాబితాలోకి ఎక్కవు. కాపలా ఉండాల్సింది కమిటీయే. ఏడాదికోసారి ప్రతి సర్వే నంబరుకూ ఈసీ తీయించి, అడంగల్ (సాగు, అనుభవం రాసే రెవెన్యూ రికార్డు) చూసి, చూశామని మినిట్స్‌లో రాయండి. ఆ కంచె చిన్న విషయం అనుకోకండి. బహిరంగంగా, హక్కుదారుడిలా పన్నెండేళ్ళు అనుభవిస్తే అతనికే కాలపరిమితి చట్టం అండగా నిలుస్తుంది.

రిజిస్ట్రార్ దగ్గర మీ కమిటీ జాబితా ఏ సంవత్సరానిదో చూశారా? 2001 ఏపీ సొసైటీల చట్టం ప్రకారం ఏటా జాబితా ఇవ్వాలి. నేను చూసిన జాబితాల్లో ఎప్పుడో సమాధుల తోటకు వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా వైస్ ప్రెసిడెంట్లుగా ఉన్నారు. అదే చట్టం కింద ఒక్క సభ్యుడు అసంతృప్తితో ఉన్నా జిల్లా కోర్టుకు వెళ్ళొచ్చు. అప్పుడు కేసు అసలు విషయం దాకా కూడా పోదు, కమిటీ ఎవరనేదానిమీదే ఏళ్ళు గడుస్తాయి.

విదేశీ విరాళాల ఖాతా ఉందన్నారు. ఆ సంవత్సరం రూపాయి రాకపోయినా డిసెంబరు 31లోగా వార్షిక రిటర్ను వేయాల్సిందే. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆడిటర్ చూసుకుంటాడులే అనుకుంటారు అందరూ. ఆడిటర్ మీరిచ్చిన కాగితాలే చూస్తాడు.

చివరికి హాస్టలు. నేనైతే స్థలం కంటే దీనికే ఎక్కువ భయపడతాను. అనాథ పిల్లలో, చూసేవాళ్ళు లేని పిల్లలో ఉంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సో చట్టం కింద అదే నేరం. నేరం చేసింది సంస్థలో పనిచేసేవాడైతే, చెప్పకుండా దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు. "సంఘం పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అనే మాట మన మీటింగుల్లో ఎంత సులువుగా వస్తుందో మీకూ తెలుసు. ఆ మాట వచ్చిన రోజున దాన్ని ఆపేవాడు ఒక్కడైనా కమిటీలో ఉండాలి. వార్డెన్‌ను పెట్టుకునే ముందు పోలీసు వెరిఫికేషన్ చేయించారా? రాత్రిపూట లోపలికి ఎవరెవరికి అనుమతి? ఇవి స్కూలు కరస్పాండెంటు గారి సొంత వ్యవహారాలు కావు.

కావలి కుర్రాడు, సింగపూర్:

అంకుల్, ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను. సిటీ హార్వెస్ట్ అని చాలా పెద్ద చర్చి. బిల్డింగ్ ఫండ్ డబ్బును పాస్టర్ గారి భార్య పాటల కెరీర్‌కు బాండ్ల పేరుతో మళ్ళించారని 2010లో విచారణ మొదలైంది. మొత్తం దాదాపు 5 కోట్ల సింగపూర్ డాలర్ల వ్యవహారం. 2015లో పాస్టర్‌తో కలిపి ఆరుగురిని దోషులన్నారు. వాళ్ళలో డబ్బు వ్యవహారాలు చూసినవాళ్ళు కూడా ఉన్నారు. సొంత లాభం కోసం చేయలేదని కోర్టే అంది, అయినా జైలు తప్పలేదు. ట్రెజరర్‌గా మీరు అడగడం ముందు మీ కోసమే అనుకోండి.

ఒంగోలు ట్రెజరర్:

అడ్వకేటు గారూ, చాలా వివరంగా రాశారు, వందనాలు. రిజిస్ట్రార్ జాబితా సంగతి నాకు తట్టనే లేదు. కనిగిరి అన్న చెప్పింది కూడా మా దగ్గర జరిగేదే. ఇంతకీ మొదటి మాట ఎవరితో ఎత్తాలి? మీటింగులో మళ్ళీ ఎత్తితే మళ్ళీ కొరింథీ పత్రికే తీస్తారు.

నెల్లూరు అడ్వకేటు:

మీటింగులో వద్దు. పాస్టర్ గారి ఇంటికి వెళ్ళండి, ఒక్కరే. స్థలం బదిలీ ఆయన నోటి నుంచి రానివ్వండి. "అయ్యగారూ, మీ తర్వాత అమ్మగారిని కోర్టు మెట్లెక్కించకూడదు కదా" అంటే చాలు, ఆయనే అర్థం చేసుకుంటారు. ఆయన ప్రతిపాదించాక సెక్రటరీకి అడ్డుపడే ధైర్యముండదు.

కనిగిరి అన్న మాట నిజం. లాయర్ని కమిటీలో కూర్చోబెట్టకండి. మీ సంఘ సభ్యుడు కానివాణ్ణి చూసుకోండి, ఫీజిచ్చి రసీదు తీసుకోండి. ఆయన రిపోర్టు కమిటీ అందరికీ అందాలి. పాస్టర్ గారికి ఒక్కరికే ఇస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన సలహా చెప్పాలి, ఓటు మీది.

ఈలోగా కంచె విషయం ఆపకండి. హాస్టలు భూమి కాగితాల ప్రకారం పాస్టర్ గారిదే కాబట్టి ఆయన సంతకంతోనే మండల సర్వేయరు కొలతకు అర్జీ పెట్టించండి. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) పోయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు, ముందు అవి తెప్పించండి.