అప్‌డేట్: రెండు పాత .22 రివాల్వర్లలో కె-22నే ఎంచుకున్నాను

మిర్యాలగూడలోని మా పెదనాయన వద్దనున్న స్మిత్ అండ్ వెసన్ కె-22, కోల్ట్ ఆఫీసర్స్ మోడల్‌లలో దేనిని నా లైసెన్సుపైకి మార్పించుకోవాలని గత నెల అడిగాను. ఆదివారం హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌లో, ఆయన సమక్షంలో, ఒకే పెట్టెలోని తూటాలతో 25 మీటర్ల నుంచి రెండింటినీ కాల్చి చూశాను.

సింగిల్ యాక్షన్‌లో, అంటే సుత్తిని ముందే వేలితో వెనక్కి లాగి ఉంచి కాల్చినప్పుడు, రెండూ సమానమే. ట్రిగ్గర్ నొక్కుతోనే సుత్తి లేచి పడే డబుల్ యాక్షన్‌లో మాత్రం కోల్ట్ ట్రిగ్గర్ చివరికి వచ్చేకొద్దీ బరువెక్కి గురి చెదిరింది. తూటాలుండే సిలిండర్ తెరవడానికి కోల్ట్ మీటను వెనక్కి లాగాలి, స్మిత్‌ది ముందుకు నెట్టాలి. నా తికమక చూసి పెదనాయన నవ్వుకున్నారు.

ఇలాంటి రిమ్‌ఫైర్ (తూటా అడుగు అంచుపై పిన్ను కొడితే పేలే) రివాల్వర్‌లో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే, పిన్ను సిలిండర్‌లో తూటా కూర్చునే గది అంచుకు తగిలి గంటు పడవచ్చని మీలో ఒకరు హెచ్చరించారు. కోల్ట్‌లోని ఒక గదికి సరిగ్గా అటువంటి గంటే ఉంది, రెండుసార్లు తూటా పేలనిది కూడా అక్కడే. కె-22కే దరఖాస్తు పెడుతున్నాను.