గుడ్డ సంచుల్లో మిరప నారు, ఇంటి లోపల: చేసినవాళ్లు చెప్పండి

ఎడిసన్_ఎర్రకారం
న్యూజెర్సీలో ఉంటాం. మే మధ్య దాకా మంచు భయమే కాబట్టి నారు ఇంట్లోనే పెంచాలి. ఈసారి ప్లాస్టిక్ ట్రేలు మానేసి పల్చటి నాన్-వోవెన్ గుడ్డ సంచులు తెప్పించాను. నర్సరీ సంచులని అమ్ముతారే, 10 సెంటీమీటర్ల ఎత్తువి. గుంటూరు సన్నం, బ్యాడిగి, కొంచెం భూత్ జొలోకియా వేద్దామని. విత్తనం నేరుగా సంచిలో పెట్టొచ్చా? కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక్కటే చాలా, ఇంకేమైనా కలపాలా? నీళ్లు పైనుంచా, కిందనుంచా? లైటు ఎన్ని గంటలు, ఎంత ఎత్తులో? సంచితో సహా భూమిలో నాటేయొచ్చని ప్యాకెట్ మీద రాశారు, నిజమేనా?

డాలస్_దొండపాదు
మీకు ఫిబ్రవరి చివరో, మార్చి మొదటి వారమో సరిపోతుంది. మాకు మార్చి మధ్యకల్లా మంచు పోతుంది కాబట్టి సంక్రాంతి అరిసెలు అయిపోయేలోపే విత్తనం పడాలి. జొలోకియా మాత్రం మిగతావాటికంటే నెల ముందు. సన్నం వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తుంది, జొలోకియా 3 నుంచి 5 వారాలు తినేస్తుంది. రెండింటినీ ఒకే ట్రేలో పెట్టారో, సగానికి మూత తీయాలి, సగానికి ఉంచాలి. ఏదో ఒకటి చెడుతుంది.

హీట్ మ్యాట్ (ట్రే కింద పరిచే కరెంటు వేడి చాప) లేకుండా దిగొద్దు. గదిలో 70 ఫారెన్‌హీట్ ఉన్నా తడిసిన గుడ్డ సంచిలో మట్టి అంతకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉంటుంది. చుట్టూ గుడ్డలోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది కదా, మన మట్టి కూజా పనిచేసినట్టే. మిరప మొలవడానికి 80–85 కావాలి. థర్మోస్టాట్ ముల్లు సంచి మధ్యలో గుచ్చండి. మ్యాట్ మీద పడేస్తే అది మ్యాట్ వేడి చూపిస్తుంది, విత్తనం చలిలో ఉంటుంది.

ఘాటు_లేనిదే_ముద్దదిగదు
అమ్మేవాళ్లు దాచిపెట్టే సంగతి: ఆ సంచులు నిలబడవు! పొడి కోకోపీట్ పోస్తే ఒకపక్కకి ఒరుగుతాయి. తర్వాత నీళ్లు పోస్తే గుడ్డ పక్కల్లోంచి జారిపోయి మధ్యలో పొడి ముద్ద అలాగే మిగులుతుంది, విత్తనం ఉండేది సరిగ్గా అక్కడే. మట్టిని ముందే తడపాలి. పిడికిట్లో గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార రాకూడదు. సంచి మూతి ఒక సెంటీమీటరు బయటికి మడిచి, మూడొంతులు నింపి, నేలకేసి రెండుసార్లు తట్టి, మళ్లీ నింపండి. మడవకపోతే ఆ అంచు లోపలికి వాలి మొలక మీద పడుతుంది. నింపినవాటిని 10కి 20 అంగుళాల ట్రేలో ఒకదానికొకటి ఆనించి ఇరికించేయండి. అప్పుడే నిలబడతాయి.

కాకతీయ_మిద్దెతోట
ఆనించుడు మొలిచేదాకనే అన్నా. తర్వాత కూడ అట్లనే ఉంచితే ఈ సంచి వేరు ఆ సంచిలకు పోతది. పల్చని గుడ్డ కదా, వేరుకు అడ్డమే గాదు. విడదీస్తుంటే సగం వేర్లు తెగుతయ్. అసలు గుడ్డ సంచి తీసుకునుడే వేరు కొసకు గాలి తగిలి అక్కడనే ఎండాలె, పక్క వేర్లు మంచిగ రావాలె అని. ఆనించి పెడితే గాలెక్కడిది? రెండాకులు విచ్చుకోంగనే వేలెడు సందు ఇచ్చి, ట్రేల జాలీ ఏసి దాని మీద పెట్టుండ్రి.

ఇంకో మాట, కోకోపీట్ కడిగిన్రా లేదా? 5 కిలోల దిమ్మ నానితే 60–70 లీటర్లయితది. చవక దిమ్మలల్ల ఉప్పు బాగుంటది. కొబ్బరి పీచును ఉప్పు నీళ్లల్ల నానబెడతరు మరి. మూడుసార్లు కడిగి పిండాలె, ఈసీ మీటరు (నీళ్లల్ల ఉప్పు కొలిచేది) ఉంటే 0.5 కింద రావాలె. కడగకపోతే గుడ్డ బయట తెల్లగ పెచ్చు కడతది, మొలక ఆకు కొసలు మాడుతయ్.

ఘాటు_లేనిదే_ముద్దదిగదు
మీ మిద్దె మీద గాలి వేరు, ఇక్కడ హీటర్ ఆడే గదిలో గాలి వేరు. సందు ఇచ్చి జాలీ మీద పెడితే సాయంత్రానికి ఎండిపోతాయి. పొద్దున ఆఫీసుకెళ్లేవాడు ఏం చేయాలి?

కాకతీయ_మిద్దెతోట
జాలీ కింద అర అంగుళం నీళ్లుంచు, తేమ అట్లనే ఉంటది. సంచి నీళ్లకు తగలొద్దు. కాలేజీ పోరలకు చెప్పినట్టు అన్నీ చెప్పాల్నా?

లాం_పాతబ్యాచ్
ఇక్కడందరూ గుడ్డ గురించి మాట్లాడుతున్నారు, విత్తనం గురించి ఒక్కరూ మాట్లాడరు. నేను అగ్రికల్చర్ చదివినవాణ్ణి, మిరప నారుమళ్లే నా వృత్తి. శాస్త్రీయంగా చెబుతాను, రాసుకోండి. పైతొక్క మీద ఉండే వైరస్ పోవడానికి 100 మిల్లీలీటర్ల నీటిలో 15 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కరిగించి విత్తనం 20 నిమిషాలు ఉంచాలి. చేతికి తొడుగు వేసుకోవాలి, క్షారం. తర్వాత పారే నీటిలో బాగా కడిగి నీడన ఆరబెట్టాలి. ఆపైన ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం పొడి పట్టించాలి. క్యాప్టాన్ అనే శిలీంధ్రనాశిని పట్టించిన విత్తనానికి ట్రైకోడెర్మా వద్దు, ఆ మందు ఈ శిలీంధ్రాన్నీ చంపుతుంది. లోతు అర సెంటీమీటరు మించి కొంచెం ఉండాలి. పైపైన వేస్తే మొలక తొక్కని నెత్తిన టోపీలా మోసుకొస్తుంది, ఆకులు విచ్చుకోవు.

సంచి విషయం: నాన్-వోవెన్ అంటే మట్టిలో కరిగిపోయే రకమే. నిశ్చింతగా సంచితోనే నాటండి.

పాలిమర్_పంతులు
చివరి రెండు వాక్యాలు తప్ప మిగతాదంతా బాగుంది సార్. నాన్-వోవెన్ అనేది నేత లేకుండా గుడ్డ తయారుచేసే పద్ధతి పేరు, పదార్థం పేరు కాదు. పెళ్లిళ్లలో తాంబూలం ఇచ్చే సంచి కూడా నాన్-వోవెనే. అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. మట్టిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఎండ తగిలిన అంచు మాత్రం పొడిపొడిగా రాలి మట్టిలో కలుస్తుంది, అది ఇంకా అన్యాయం.

లాం_పాతబ్యాచ్
ప్యాకెట్ మీద బయోడిగ్రేడబుల్ అని ఉన్నప్పుడు మనకెందుకండీ ఈ అనుమానాలు? నిప్పు పెట్టి చూడండి, ప్లాస్టిక్ అయితే కరిగి బొట్లు కారుతుంది. అంత సులువు.

పాలిమర్_పంతులు
కారుతుంది, నిజమే. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ కూడా కరిగి బొట్లే కారుతుంది. పాలిస్టరూ అంతే. నిప్పుతో జనపనార, పత్తి వేరుపడతాయి తప్ప ఈ మూడూ వేరుపడవు.

తేల్చుకోవడానికి గిన్నెడు నీళ్లు చాలు. గోరంత ముక్క కత్తిరించి, రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసిన నీళ్లలో ముంచి, నీటి లోపలే వేళ్లతో పిసకండి. పోగుల మధ్య గాలంతా పోవాలి, లేకపోతే ఏ గుడ్డయినా తేలుతుంది. తర్వాత వదిలేయండి. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9, పైకి తేలుతుంది. పీఎల్ఏ 1.24, మునుగుతుంది. పాలిస్టర్ 1.38, అదీ మునుగుతుంది. కాబట్టి తేలితే ఖాయంగా ప్లాస్టిక్, మునిగితే మాత్రం ఖాయంగా మంచిదని కాదు.

ఒకవేళ పీఎల్ఏయే అనుకుందాం. అది విరగాలంటే 58–60 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండే వేడి. న్యూజెర్సీ పెరట్లో మట్టి ఎప్పుడు ఆ వేడి ఎక్కింది? అక్టోబర్లో మొక్క పీకితే సంచి సంచిలాగే వస్తుంది.

లాం_పాతబ్యాచ్
మొక్క ముఖం చూడనివాళ్లు సాంద్రతలు చెబితే మేం వినాలి. రైతుకి కావాల్సింది దిగుబడి, కెమిస్ట్రీ క్లాసు కాదు.

పాలిమర్_పంతులు
దిగుబడి గురించే చెబుతున్నా. వేరు కొసలు గుడ్డలోంచి దూరతాయి. తర్వాత ఆ వేరు లావెక్కాలి, గుడ్డ ఎక్కనివ్వదు. మెడ నొక్కినట్టే. ఆగస్టులో కాపు మీదున్న మొక్క మధ్యాహ్నం వాడిపోతుంటే నీళ్లు చాల్లేదని ఇంకా పోస్తారు.

కొరివికారం_మిషిగన్
అయ్యా ఇద్దరూ ఆగండి. కరిగినా కరగకపోయినా సంచి అంచు మట్టి పైన ఒక్క అంగుళం మిగిలినా చాలు, అది వత్తిలా తేమ లాగి గాలికి వదిలేస్తుంది. చుట్టుపక్కల మడి తడిగా ఉంటుంది, సంచి లోపల మాత్రం ఎండుతుంది. కత్తెరతో అడుగు తీసేయండి, పక్కల రెండు గాట్లు పెట్టి ఒలిచేయండి. వేరు బయటికొచ్చి అంటుకున్నచోట గుడ్డని లాగొద్దు, ఆ ముక్క చుట్టూ కత్తిరించి వదిలేయండి.

నాకు మండేది వేరే సంగతి. వర్మీకంపోస్టు కలపమని ఎవరు మొదలుపెట్టారో! ఇంటి లోపల తడి గుడ్డ, వర్మీకంపోస్టు, వెచ్చదనం మూడూ కలిస్తే చిన్న నల్ల ఈగలే. సంచికి నాలుగువైపులా తడే కాబట్టి ప్లాస్టిక్ కుండీ కంటే ఎక్కువ. పెద్ద ఈగ ఏమీ చేయదు, మట్టిలో దాని పురుగు లేత వేర్లు కొరుకుతుంది. పసుపు జిగురు అట్టలు పెద్దవాటినే పడతాయి. పురుగు చావాలంటే బీటీఐ (ఈగ పురుగుల్ని చంపే బ్యాక్టీరియా) గుళికలు నానబెట్టిన నీళ్లు పోయాలి, వారానికోసారి, మూడు నాలుగు వారాలు.

కాకతీయ_మిద్దెతోట
వర్మీ అని నేను ఇంకా అననే లేదు, అంతల్నే పడుతున్రు. ఇప్పుడంటున్న: రెండు పాళ్లు కోకోపీట్, ఒకపాలు పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతి గుళికలు), మొలిచేదాక గంతే. వర్మీ పెద్ద కుండీల ఏసేటప్పుడు. విత్తనంలనే రెండాకులకు సరిపడ తిండి ఉంటది. అసలు ఆకు రెండు జతలొచ్చినంక 19:19:19 ఎరువు లీటరుకు అర గ్రాము. కోకోపీట్ కాల్షియం పట్టేసుకుంటది, అందుకని ఒక వారం అది, ఒక వారం కాల్షియం నైట్రేట్ అర గ్రాము. రెండు ఒక్క డబ్బాల చిక్కగ కలపొద్దు, అడుగున సున్నం లెక్క దిగుతది.

సియాటిల్_చిన్నమ్మ
నా నారుకి ఆకులు ముడుచుకుంటున్నాయి, ఆకు కింద గరుకుగా చిన్న చిన్న బుడిపెలు. ఇది తెల్లనల్లే కదా? గంధకం కొట్టమని మా బావగారు అంటున్నారు.

లాం_పాతబ్యాచ్
అమ్మా, ముడత ఎటో చూడండి. పైకి ముడిచి దొప్పలా ఉంటే తామర పురుగు. కిందికి తిరగబడి, ఆకు కాడ సాగి, ఆకు ముదురుపచ్చగా గిడసబారితే తెల్లనల్లి. పై ముడత, కింది ముడత అని గుంటూరులో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. నల్లికి గంధకం లీటరుకి 3 గ్రాములు, బాగా వేడి ఉన్నప్పుడు వద్దు.

కొరివికారం_మిషిగన్
గంధకం కొట్టకండి చిన్నమ్మగారూ, అదీ ఇంట్లో! పురుగు కనబడిందా? బుడిపెలు ఉప్పు రవ్వల్లా ఉండి, గోరుతో గీకితే చిట్లుతున్నాయంటే అది నీటి పొక్కు. మూత కింద తేమ ఎక్కువ, గాలి లేదు, వేరు తోడిన నీరు ఆకులోంచి బయటికి పోలేక కణాలు ఉబ్బుతాయి. ఎల్ఈడీ లైట్ల కింద మిరపకి, టమాటాకి మామూలే. మూత తీసి, చిన్న ఫ్యాన్ ఆకు అల్లాడేంత మెల్లగా పెట్టి, నీళ్లు తగ్గించండి. పాత ఆకు బాగుపడదు, కొత్తది శుభ్రంగా వస్తుంది. భూతద్దంలో నల్లి కనిపిస్తే అప్పుడు చూద్దాం.

సియాటిల్_చిన్నమ్మ
చిట్లుతున్నాయి. మూత పెట్టే ఉంది. థాంక్స్ అండీ, మా బావగారికి చెబుతాను.

ఎడిసన్_ఎర్రకారం
చాలా థాంక్స్ అందరికీ. నీళ్ల సంగతి, లైటు సంగతి ఎవరూ చెప్పలేదు. సంచి ముక్క సబ్బు నీళ్లలో పిసికి చూశాను. మూడుసార్లు ముంచినా పైకే వస్తోంది.

పాలిమర్_పంతులు
నేనేమీ అనను.

లాం_పాతబ్యాచ్
ఒక కంపెనీ సంచి తేలిందని అన్ని సంచులూ అంతే అనడం శాస్త్రం కాదు. జనపనార సంచులు వాడుకోండి, ఆరేడు నెలల్లో చివికిపోతాయి.

డాలస్_దొండపాదు
చిన్న జనపనార సంచి ఇంట్లో మూడో వారానికే బూజు పడుతుంది, తెలిసే చెబుతున్నారా?

నీళ్లు కిందనుంచే. ట్రేలో ఒక సెంటీమీటరు పోసి 20–30 నిమిషాలు ఉంచి, పైన మట్టి రంగు మారగానే మిగిలింది పారబోయండి. నిల్వ ఉంచితే నారుకుళ్లు ఖాయం. మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోతుంది, పడినదాన్ని లేపలేరు. దాని పక్క సంచులు వెంటనే దూరం పెట్టండి. ఎప్పుడు పోయాలో వేలితో చూడొద్దు, గుడ్డ సంచిలో పైన ఎండి లోపల తడిగా ఉంటుంది. చేత్తో ఎత్తి బరువు చూడండి. పదిహేను రోజులకోసారి పైనుంచి పోసి ఉప్పు దిగనివ్వండి. లైటు 14–16 గంటలు. మామూలు ఎల్ఈడీ ట్యూబ్ అయితే ఆకుకి మూడు నాలుగు అంగుళాల పైన, పెద్ద ప్యానెల్ అయితే అడుగు పైన. మొలక కనబడిన రోజే లైటు వేయాలి, రెండురోజులు ఆలస్యమైతే తీగలా సాగుతుంది. మ్యాట్ కూడా ఆ రోజే తీసేయాలి.

ఘాటు_లేనిదే_ముద్దదిగదు
బ్యాడిగి విత్తనం ఎక్కడిది ఇంతకీ? ఇండియన్ స్టోర్ ఎండుమిర్చి నుంచి తీసిందా? అయితే ముందు పది గింజలు తడి టిష్యూలో చుట్టి జిప్ కవర్లో వెచ్చగా పెట్టండి. గోధుమ రంగు తిరిగినవి ఏరేయండి. యంత్రాల్లో ఎక్కువ వేడికి ఆరబెట్టిన మిర్చి అయితే ఒక్కటీ మొలవదు. మొలిచినా హైబ్రిడ్ అయితే తల్లిలా రాదు, కాయ నునుపుగా వచ్చి కారం పెరిగితే నన్ను తిట్టొద్దు.

కాకతీయ_మిద్దెతోట
రంగే గావాల్నంటే బ్యాడిగి ఎందుకు, వరంగల్ చపాటా ఏసుకోండ్రి. కారం తక్కువ, రంగు దండిగ. ఊరగాయల ఏస్తే చూడాలె.

లాం_పాతబ్యాచ్
ఊరగాయకి చపాటానా? ఆవకాయలో కారం లేకపోతే అది ఆవకాయేనా?

కాకతీయ_మిద్దెతోట
ఇగ మొదలువెట్టిండు.