రోజూ రాయనివాళ్లు నవల పూర్తి చేయలేరా?

చిత్తుప్రతి:
ఈమధ్య ఒక రచనా శిక్షణ తరగతిలో విన్నాను: రోజూ రాయనివాళ్లు నవలాకారులు కారట, వాళ్లది సరదా మాత్రమేనట. నాకు ఉద్యోగం ఉంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. శని, ఆదివారాల్లో తప్ప కూర్చోవడం కుదరదు. కూర్చుంటే మాత్రం గట్టిగానే రాస్తాను. ఇలా రాస్తే నవల పూర్తి కాదని మీరూ అంటారా? ఓదార్పు వద్దు, కారణాలు చెప్పండి.

వేకువపిట్ట:
చెప్పిన తీరు మొరటుగా ఉన్నా మాట నిజమేనండీ. రోజుకి ఎన్ని పదాలన్నది అంత ముఖ్యం కాదు, నవల తలలో తిరుగుతూ ఉండాలి. మూడో అధ్యాయంలో నాయిక ఏ సంగతి దాచింది, అది ఎవరికెంత తెలుసు, తమ్ముడు ఆవిణ్ణి ఏమని పిలుస్తాడు? పదిహేనో అధ్యాయం రాసేటప్పుడు ఇవన్నీ వెతుక్కోకుండా గుర్తుకు రావాలి. ఓ వారం వదిలేస్తే ముందుగా పోయేది పాత్ర గొంతు. సంఘటనలు నోట్సులో రాసిపెట్టుకుంటాం. మనిషి ఎక్కడ మాట తుంచేస్తుందో, ఎక్కడ సాగదీస్తుందో ఏ నోట్సులోనూ ఉండదు.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్‌ని చూడండి. చాలాకాలం తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రాశాడు, మొత్తం 47 నవలలు. పొద్దున 5:30కల్లా బల్ల ముందు కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకి 250 పదాలు. అందరూ ఈ 250 గురించే చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. మొదటి అరగంట ఆయన ముందురోజు రాసింది చదువుకునేవాడు. గొంతు దొరికాకే కలం కదిలేది.

అడ్డగీత:
ఆ 5:30 వెనక ఇంకో మనిషి ఉన్నాడు, మీరు చెప్పలేదు. పొద్దున్నే తనని లేపినందుకు గుర్రపుశాలలో పనిచేసే ఒక ముసలాయనకి ట్రాలప్ ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. కాఫీ తేవడం కూడా ఆయన పనే. తన విజయానికి అందరికంటే ఎక్కువగా అతనికే రుణపడి ఉన్నానేమోనని ట్రాలప్ ఆత్మకథలో రాసుకున్నాడు కూడా. ఆ కాఫీ పెట్టాల్సిందీ, పిల్లల్ని లేపాల్సిందీ, నవల రాయాల్సిందీ ఒకే మనిషి అయితే ఏం చేయాలో మాత్రం ఆ గడియారం చెప్పదు.

అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మోరిసన్ ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ రాసింది. రోజూ ఇదే వేళకి అనే పద్ధతి తనకెప్పుడూ కుదరలేదని ఆవిడే చెప్పింది. తెల్లవారకముందు కొంత, సెలవురోజుల్లో కొంత. 1993లో నోబెల్ ఇచ్చినవాళ్లు ఆవిణ్ణి సరదాకి రాసే మనిషి అనుకోలేదు.

కామా:
రోజుకిన్ని పదాలని కోటా పెట్టుకుంటే వచ్చే జబ్బు ఒకటుంది. పాత్రలు ఊరికే కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తుంటాయి. 500 పదాలు కాగానే వెళ్లి పడుకుంటాయి.

వేకువపిట్ట:
ఆ కిటికీ పేజీలు రెండో ప్రతిలో ఎగిరిపోతాయి లెండి. మోరిసన్ సంగతి ఒప్పుకుంటాను, కానీ తెల్లవారకముందు లేవడం కూడా ఒక క్రమమే కదా. ఇటు జర్మన్ భాషలో రాసిన ప్రాగ్ రచయిత కాఫ్కాని చూడండి. ఒక కథని 1912 సెప్టెంబర్‌లో ఒకే రాత్రి కూర్చుని ముగించాడు. మొదలుపెట్టిన మూడు నవలలూ అసంపూర్తిగానే మిగిలాయి. ఊపు కథ దాకా తీసుకెళ్తుంది, నవలకి చాలదు.

అడ్డగీత:
కాఫ్కా ఇక్కడ మీకు సాక్ష్యం కాడండీ. బీమా ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, రాత్రుళ్లు అలవాటుగా రాయడానికి కూర్చున్న మనిషే ఆయన. అలా కూర్చున్నా నవలలు పూర్తికాలేదు. కాబట్టి రోజూ రాయడం, పూర్తి చేయడం వేర్వేరు సంగతులు. నవల ఎందుకు ఆగుతుందంటే, నా లెక్కలో, తర్వాత ఏం జరగాలో రచయితకి తెలియకపోవడం వల్ల. లేదా తెలిసినా అది రాయడానికి భయపడటం వల్ల. దానికి పదాల లెక్క మందు కాదు.

రెండోప్రతి:
నేనూ ఒక మాట. 1866 నవంబర్ 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే రష్యన్ రచయిత దాస్తయెవ్‌స్కీ రచనలన్నీ తొమ్మిదేళ్లపాటు పైసా ఇవ్వకుండా వేసుకునే హక్కు ప్రచురణకర్తకి దక్కుతుందని ఒప్పందం. అంత టెన్షన్‌లో, స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకుని, 26 రోజుల్లో ‘జూదరి’ చెప్పి రాయించాడు. అయితే ఆ నవల ఆలోచన 1863లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలోనే ఉంది. మధ్యలో వేరే పుస్తకాలు రాశాడు. ఇది నవల మీద పని అనాలా, అనకూడదా? బల్ల దగ్గర గడిపిన టైమునే లెక్కేస్తే ఆ మూడేళ్లూ సున్నా.

కామా:
ఆ 26 రోజులూ రోజూ రాయించాడుగా. ఇద్దరూ గెలిచినట్టే, ఇక పడుకోండి.

చిత్తుప్రతి:
అందరికీ ధన్యవాదాలు. గొంతు పోతుందన్న మాట నాకు సరిగ్గా తగిలింది. శనివారం పొద్దంతా ఆ గొంతు వెతుక్కోవడానికే పోతోంది. వారం మధ్యలో రాయలేను గానీ ఓ రెండు పేజీలు చదవగలను. చిక్కేమిటంటే, చదివితే దిద్దడం మొదలుపెడతాను. అక్కడే తిరుగుతుంటాను, కథ ముందుకు కదలదు.

వేకువపిట్ట:
పీడీఎఫ్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి. చదవడానికే తప్ప దిద్దడానికి వీలుండదు. సంభాషణలైతే పైకి చదవండి. ఇదీ రోజూ రాయడం కిందే లెక్క అని నేనంటాను, అడ్డగీత గారు ఒప్పుకోరు.

అడ్డగీత:
ఒప్పుకోను. చదవడం చదవడమే. అయినా పీడీఎఫ్ మంచి సలహా, ఈ రాత్రే నేనూ చేసుకుంటాను.