స్టాన్‌ఫర్డ్ స్టాన్లీ ఎలా గెలిచింది? మా ప్రాజెక్టుకి లైడార్ కొనాలా వద్దా?

ఈసీఈ_ఫైనలియర్:
అందరికీ నమస్కారం. కాలేజీ ఆవరణలో తనంతట తనే తిరిగే చిన్న ఎలక్ట్రిక్ బండి చేస్తున్నాం, ఫైనలియర్ ప్రాజెక్టు. గైడ్ సార్ 2005 డార్పా గ్రాండ్ ఛాలెంజ్ (అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన డ్రైవర్ లేని బండ్ల రేసు) గురించి చదవమన్నారు. 2004లో అదే రేసులో అన్నిటికన్నా ముందు వెళ్లిన బండి కూడా 12 కిలోమీటర్లలోపే ఆగిపోయిందట, మరుసటేడాది అక్టోబర్‌లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్టాన్లీ మొహావే ఎడారిలో 212 కిలోమీటర్లు డ్రైవర్ లేకుండా పూర్తిచేసి 20 లక్షల డాలర్లు గెలిచిందట. అంత తక్కువ టైంలో ఏం మారింది? మంచి సెన్సర్లు దొరికాయా? ఉన్న డబ్బంతా లైడార్‌కే (లేజర్ కిరణాలతో దూరం కొలిచే సెన్సర్) పెడదామా అని మా టీంలో రోజూ గొడవే.

గతుకుల_రోడ్డు:
డబ్బంతా లైడార్‌కి పెట్టకండి. స్టాన్లీ అంటే ఫోక్స్‌వ్యాగన్ టువరెగ్, పైకప్పు మీద ఐదు లేజర్లు, ఒక కెమెరా, జీపీఎస్. లేజర్లు వేరే టీముల దగ్గర కూడా ఉన్నాయి. అసలు తలనొప్పి ఎక్కడంటే, బండి గతుకుల్లో ఎగిరినప్పుడు ముక్కు ఎంత వాలిందన్న లెక్కలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా 30 మీటర్ల దూరంలో అది అర మీటరు ఎత్తుగా కనిపిస్తుంది, చదునైన నేల మీద లేని బండరాయి ఉందనుకుని బండి పక్కకు తిప్పేస్తుంది. స్టాన్లీని తయారుచేసిన సెబాస్టియన్ థ్రన్ టీం ముందు దాన్ని మనిషి చేత నడిపించింది. టైర్లు వెళ్లిన చోటంతా దారి, ఆ పక్కన ఉన్నది దారి కాదు అని గుర్తులు పెట్టి, ఏ కొలతని ఎంతవరకు నమ్మాలో ఆ డేటాతోనే ప్రోగ్రాంకి నేర్పారు.

కెమెరా సంగతి ఇంకా బాగుంటుంది. లేజర్ దగ్గర్లోనే చూస్తుంది, ఆ వేగానికి అది చాలదు. అందుకని లేజర్ సరే అన్న నేల ఏ రంగులో ఉందో కెమెరా అప్పటికప్పుడు నేర్చుకుని, దూరంలో కూడా అలాంటిదే కనిపిస్తే వేగంగా పోనిస్తుంది, లేకపోతే స్లో చేస్తుంది. ఎడారిలో మట్టి రంగు మారుతూనే ఉంటుంది కదా, ముందే రాసి పెట్టుకున్న రూల్స్‌తో అక్కడ పనవ్వదు.

పాత_రోబోటిక్స్_అభిమాని:
పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లని మర్చిపోవద్దు తమ్ముడూ. ఆ రేసులో రెండు, మూడు స్థానాలు రెండూ వాళ్లవే. స్టాన్లీకి 6 గంటల 54 నిమిషాలు పట్టింది, వాళ్ల శాండ్‌స్టార్మ్ 11 నిమిషాలే వెనక. మూడోది హైలాండర్, నిజానికి రేసు మొదలైనప్పుడు ముందున్నది అదే, దారిలో ఇంజిన్ పవర్ తగ్గిపోయింది. కారణం 2017లోగానీ తెలియలేదు, ఇంజిన్ కంట్రోల్‌కి సంబంధించిన చిన్న ఎలక్ట్రానిక్ ఫిల్టర్! రేసుకి కొద్ది వారాల ముందు టెస్టింగ్‌లో బండి బోల్తా పడింది, అప్పుడు దెబ్బతిని ఉంటుందంటారు. 2007లో వాళ్ల బాస్ అనే బండి డార్పా వాళ్ల అర్బన్ ఛాలెంజ్ (ఊరి రోడ్ల లాంటి చోట పెట్టిన రేసు) గెలిచింది, స్టాన్‌ఫర్డ్ జూనియర్ రెండోది.

ఇంకోమాట. ఆ యూనివర్సిటీలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు మొదటి డైరెక్టర్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1995లోనే అక్కడి వాళ్లు పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగో దాకా ఒక వ్యాన్‌ని నడిపారు, స్టీరింగ్‌లో 98 శాతం కంప్యూటర్‌దే, బ్రేకు యాక్సిలరేటరు మాత్రం మనిషివి. 2005 ఒక్కరోజులో ఊడిపడింది కాదు, అంతకుముందు ఎన్నో ఏళ్ల పని ఉంది. థ్రన్ కూడా స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లకముందు అక్కడే పనిచేశారు.

సర్క్యూట్_అక్క:
పైన చెప్పినవాటితో ఒక్కచోట ఒప్పుకోను. ఎడారిలో సాఫ్ట్‌వేర్ గెలిపించింది, నిజమే. కానీ 2007 అర్బన్ ఛాలెంజ్‌లో కూడళ్లు, ఎదురొచ్చే బండ్లు ఉన్నప్పుడు సెన్సర్ కూడా లెక్కలోకి వచ్చింది. పూర్తిచేసిన ఆరు టీముల్లో ఐదు వెలోడైన్ అనే కంపెనీ వాళ్ల 64 కిరణాల లైడార్ పెట్టుకున్నాయి. మీ ఆవరణలో మనుషులు తిరుగుతుంటారు, ఏ వైపు నుంచైనా రావచ్చు, కాబట్టి కెమెరా ఒక్కటే నమ్ముకోకండి. చవకలో దొరికే 2డీ లైడార్ (ఒకే మట్టంలో చూసేది) ఒకటి, కెమెరా ఒకటి చాలు. అన్నిటికంటే ముందు దూరం నుంచి ఆపే వైర్‌లెస్ స్టాప్ బటన్ పెట్టండి. డార్పా ప్రతి బండికీ అది తప్పనిసరి చేసింది. అది లేకుండా మనుషుల మధ్య బండి వదలొద్దు, ప్లీజ్.

ఈసీఈ_ఫైనలియర్:
చాలా థ్యాంక్స్ అందరికీ. అయితే ముందు రిమోట్‌తో మేమే నడిపి డేటా రికార్డు చేస్తాం. లైడార్, కెమెరా, ఐఎంయూ (బండి వాలు, కదలిక కొలిచే సెన్సర్) వేరువేరు బోర్డుల మీద ఉన్నాయి, పర్లేదా?

గతుకుల_రోడ్డు:
పర్లేదు, కానీ అన్నిటికీ ఒకే గడియారం ఉండాలి. టైంస్టాంపులు కలవకపోతే బండి ఊగినప్పుడు పాత వాలు కొత్త లేజర్ కొలతకి అంటుకుంటుంది, మళ్లీ అదే లేని బండరాయి కనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద నాలుగైదుసార్లు నడిపి, అక్కడి లాగ్ ముందు చూడండి.